మంచి కండ దాంక

నాకు ఒక్కకాడ కూసునుడు చాతగాదు. చిన్నప్పటికెల్లి గంతే. పెండ్లయి కరీంనగర్ వచ్చిన కొత్తల మా అత్త నన్ను సూసి సూసి, "కాలుగాలిన పిల్లి లెక్క ఆ తిరుగుడేందే పిల్లా, జర నిమ్మళంగ కూసో" అన్నది. గా మాట ఆమె ఇప్పటికీ అంటది, నేను ఇప్పటికీ కూసోను. చాయ గూడ నిలబడే తాగుత. మా ఆయన మస్కట్‌ల డ్రైవరు. ఫోన్ చేసినప్పుడల్ల ఇల్లంత తిరుగుకుంట మాట్లాడుత. "నీ అడుగుల సప్పుడు ఇనవడుతుంది గని మాట ఇనవడుతలేదు" అంటడు.

గసుంటి మనిషికి ముండ్ల చెట్ల పిచ్చి ఎట్ల పట్టిందని అందరు అడుగుతరు. పూల చెట్లు నా చేతుల బతకలే, అసలు ముచ్చట అది. గులాబి కొమ్మ నాటితె తెల్లారి పీకి సూస్త, వేరు వచ్చిందా లేదా అని. మల్ల పెడత, మల్ల పీకుత. మల్లె తీగకు దినాం నీళ్ళు, ఎరువు, ఏదో ఒక మందు పెట్టి పెట్టి సంపిన. ఓసారి అమ్మగారింటికెల్లి వస్తుంటె ఇచ్చోడ కాడ రోడ్డు పక్కన నర్సరీ బండి ఆగి ఉన్నది. అండ్ల ఓ మూలకు జానెడంత, నిలువుగ, పట్టెలు పట్టెలుగ ఓ ముండ్ల చెట్టు. దీనికేం చెయ్యాలె అని అడిగిన. "ఏం చెయ్యకుంటెనే బతుకుతదమ్మా" అన్నడు బండాయన. ఏం చెయ్యకుంట ఉండుడు నాతోని అయితదా కాదా సూద్దామని తెచ్చి ఇంటి స్లాబు మీద పెట్టిన.

అయింది. ఎట్లయిందో నాకే తెల్వది గని అయింది. నేను పరేషాన్ అయి స్లాబు మీదికి పోతె అది ఊకె నిలబడి ఉండేది. దాన్ని సూసి మల్ల కిందికి దిగేదాన్ని. నాలుగైదు ఏండ్లల్ల నా నడుము దాటి పెరిగింది. దాని పక్కకు ఇంకో నలభై యాభై కుండీలు చేరినయ్. ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగయ్, నేను పెట్టుకున్న పేర్లే పిలుస్త. ఇచ్చోడది నిలువుది. గుండ్రంగ పసుపు ముండ్లతోని ఉన్నది గుండుది. చెవుల లెక్క ఆకులు ఒకదాని మీద ఒకటి లేసేది చెవులది, మన ఊర్లల్ల గట్ల మీద ఉండే నాగజెముడుకు అది అక్కచెల్లె. సుట్టుముట్టు పిల్లలు పెట్టేదాన్ని కోడి అంటా. ఆ పిల్లల్ని తుంచి, తుంచినకాడ తడి ఆరేదాంక నీడకు పడేసి, మల్ల ఉత్త ఇసుకల కూసోబెడితె చాలు, వేర్లు అవే పడతయ్. తుంచంగనే నాటితె మురిగిపోతది. ఇది నేర్చుకునేవరకు ఎన్ని పిల్లల్ని సంపిన్నో నాకే తెల్వాలె.

మన్ను గూడ మన్ను లెక్క ఉండొద్దు. సగానికెక్కువ ఇసుక, ఇటుక ముక్కలు, ఇంత బొగ్గు, ఇంత పాత పెంట, పిడికెడు వేపపిండి. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికెల్లి పోవాలె. ఏడాదికి ఒక్కసారి, ఎండకాలం ముంగట, పలుచటి పేడ నీళ్ళు పోస్త. గంతకంటె ఎక్కువ తిండి పెడితె ఉబ్బి, నెత్తి సన్నబడి, ఒక దిక్కు వాలిపోతయ్. వానకాలం అసలు పొయ్యను. చెట్ల మీద ఓ ప్లాస్టిక్ పరద కట్టి, సుక్క పడకుంట ఎండవెడత.

గీ పరద కాడనే మా అత్తకు నాకు పంచాయితి. అంతకుముందు గూడ ఆమెకు నా చెట్లు పడకపోయేది. ఇంట్ల ముండ్ల చెట్టుంటె కొట్లాటలైతయ్ అనేది. "మరి నువ్వు దర్వాజ మీద కలబంద తలకిందులు కట్టలేదా, దానికి ముండ్లు లెవ్వా?" అంటె, "అది బైటోళ్ళ దిష్టిని పొడుస్తది, నీయి లోపలున్నోళ్ళను పొడుస్తయ్" అనేది. ఆమె నోటికి ఎదురు లేదు. అయినా అదంత నవ్వులాట. వానకాలం మాత్రం నవ్వులాట కాదు. ఊరంత వాన పడుతుంటె, మొగులు కింద ఉన్న ప్రతి గడ్డిపోస తాగుతుంటె, నా కుండీలు మాత్రం పరద కింద ఎండుకుంట ఉండుడు ఆమెకు కడుపుల కలుక్కుమనేది. "దేవుడు పోస్తుంటె నువ్వు అడ్డం పట్టుడేందే, గిది పాపం కాదా" అన్నది ఓసారి, కండ్లల్ల నీళ్ళు పెట్టుకోని.

ఆమెను తప్పు వట్టనీకి లేదు. ఆమె చేతికి పెట్టుడే తెలుసు. మా ఇంటికి కరెంటు బిల్లు కొట్టనీకి వచ్చిన పిలగాడు గూడ ఇంత తినకుంట పోయింది లేదు. బియ్యం కడుగు ఆమె ఎన్నడు మోరిల పొయ్యలే. ఊర్లె ఉన్నప్పుడు బర్రెకు పోసేది, టౌనుకు వచ్చినంక కరివేపాకు చెట్టుకు పోసేది. ఇంట్ల ఒకరు తాగి ఒకరు ఎండుకుంట ఉంటె ఆమెకు అన్నం సయించది.

రెండేండ్ల కింద వానకాలం, ఓ పొద్దున స్లాబు ఎక్కిన. నిలువుది జర ఒరిగినట్టు కనవడ్డది. మొదలు కాడ చెయ్యి పెడితె వేలు లోపలికి పోయింది. మురిగిన వాసన. నాకు పానం పోయినంత పనైంది. మన్ను గెలికి సూస్తె పచ్చి పచ్చి, మీద తెల్లగ పొర కట్టి ఉన్నది. వాన నీళ్ళకు తెల్లపొర ఎక్కడిదని ముక్కుకు పెట్టి సూసిన. కడుగు వాసన. పక్క కుండీ సూసిన, కడుగే. గుండుదాని కాడ, కోడి కాడ, అన్నిట్ల కడుగే.

కిందికి దిగి, "అత్తా, చెట్లకు నీళ్ళు ఎవలు పోసిన్రు?" అన్న. "నాకేం తెలుసు, నీ ముండ్ల చెట్లకు నేనెందుకు పోస్త" అన్నది, బియ్యంల రాళ్ళు ఏరుకుంట, మొఖం ఎత్తకుంట. నాకు ఒళ్ళు మండింది. కత్తి తీస్కోని స్పిరిటుతోని తుడుసుకోని మీదికి పోయిన. కొద్దిసేపటికి ఆమె గూడ మెట్లు పట్టుకోని మెల్లగ ఎక్కి వచ్చి, పై మెట్టు మీద కూసున్నది.

మురిగిన చెట్టును బతికించనీకి ఒక్కటే తొవ్వ. కొయ్యాలె. మొదలుకెల్లి ముల్లంగిని కోసినట్టు చక్రం తీసి సూస్తె నడుమ గోధుమరంగు. ఇంకో చక్రం తీస్తె చిన్నగైంది గని ఉన్నది. ఇంకోటి తీసిన, ఇంకోటి తీసిన. అత్త ఆగలేకపోయింది. "ఇగ చాలియ్యే, మంచిగున్నదంత కోసి పారేస్తవా ఏంది" అన్నది. "నల్లసుక్క ఒక్కటున్నా మల్ల పాకుతది అత్తా. మంచి కండ దాంక పోవాలె" అన్న. నడుము దాటిన చెట్టు మూరెడైంది. అప్పుడు లోపల తెల్లగ, పచ్చగ, ఒక్క మచ్చ లేకుంట కనవడ్డది. కోసినకాడ బూడిద అద్ది, గోడ నీడకు ఖాళీ బకీటుల నిలబెట్టిన. "ఇప్పుడన్న నీళ్ళు పోస్తవా?" అన్నది అత్త. "ఇప్పుడు పోస్తె పుండుల పోసినట్టే. ఎండాలె. వేరు అదే తీస్తది" అన్న.

లేసి కిందికి దిగేటప్పుడు సూసిన ఆమె నడక. ఎడమ కాలు మడమ మీదనే పెడుతున్నది. చీర కుచ్చిళ్ళు ఆ కాలు మీదికి లాగి లాగి కప్పుతున్నది. పట్టుకున్న. ఎంత వద్దన్నా ఇడవలే. బొటనవేలుకు పాత చీర పీలిక కట్టి ఉన్నది. ఇప్పితె స్లాబు మీద నిలువుది కాడ వచ్చిన వాసనే వచ్చింది. వేలు నల్లబడ్డది.

అప్పుడు చెప్పింది. నేను పక్కింటికి పోయినప్పుడల్ల కడుగు చెంబు పట్టుకోని స్లాబు ఎక్కేదట. చెప్పులేసుకుంటె పక్కింట్లున్న నాకు సప్పుడు ఇనవడతదని ఉత్త కాళ్ళతోని. చెవులదాని ఆకు ఒకటి కింద రాలి ఉంటె తొక్కింది. షుగరుకు కాళ్ళు మొద్దుబారి ఉన్నయ్, దిగినట్టే తెల్వలే. ఇంట్ల బండల మీద నెత్తురు మరకలు సూసి, ఇదెవలదని వెతుక్కున్నదట. ముల్లు ఇరిగి లోపలనే ఉన్నది. ఊర్లె ముల్లు దిగితె జిల్లేడు పాలు పెడతరు, పాలకు ముల్లు అదే పైకి తేలుతదని. ఆమె గూడ మోరి గట్టు మీది జిల్లేడు తెంపి పెట్టుకున్నది. మీద పసుపు మెత్తింది, పీలిక కట్టింది. నాకు చెప్తె నీళ్ళు పోసిన సంగతి బైటపడతదని చెప్పలే. "గీ ముచ్చటకు కాలు మురగవెట్టుకుంటవా?" అని గట్టిగ మొత్తుకున్న. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండు ఒక్కసారి వచ్చినయ్.

ఆటో పిలిచి దవాఖానకు తీస్కపోయిన. డాక్టరు సూసి, బొటనవేలు తియ్యాలె, ఇయ్యాల తీస్తె ఒక్క వేలుతోని పోతది, ఆగితె ఎక్కడి దాంక పోతదో నేను చెప్పలేనన్నడు. అత్త మంచం మీదికెల్లి లేసి కూసున్నది. "సస్తె సస్త గని కొయ్యనియ్య" అన్నది. డాక్టరు చెప్పిండు, నర్సు చెప్పింది, నేను బతిమాలిన. ఆమెది ఒక్కటే మాట. "మీ మామ నిండు మనిషిగ పోయిండు. నేను కుంటిదాన్నై పోవాల్నా ఆయన కాడికి? సగం మనిషిని ఎట్ల గుర్తువడతడు?"

మా ఆయనకు ఫోన్ చేసిన. ఆయన ఏడ్సిండు. ఏడ్సి, "నేను వచ్చేదాంక ఆగుండ్రి, లీవు అడుగుతున్న, నేను వచ్చి సముదాయిస్త" అన్నడు. అత్తకు అదే కావాలె. వాడు వచ్చినంక సూద్దాం అని పట్టు పట్టింది. గోలీలు, కట్టు కట్టిపిచ్చుకోని ఇంటికి వచ్చినం.

గా దినాలు నేను ఎట్ల గడిపిన్నో. ఇంట్లకెల్లి వాకిట్లకు, వాకిట్లకెల్లి స్లాబు మీదికి. కట్టు మార్చినప్పుడల్ల ఎంతవరకు నల్లబడ్డదో వేలుతోని కొలిసి సూసేదాన్ని. మీదికి పోయి నిలువుదాని ముక్కను ఎత్తి కింద సూసేదాన్ని, ఏం లేకపోయేది. మల్ల కిందికి ఉరికి అత్త కాలు సూసేదాన్ని. పైన ఏం వస్తలేదు, కింద ఏం ఆగుతలేదు. లీవు దొరకలేదని మా ఆయన దినాం ఇంకో తారీకు చెప్తుండు. ఓ పూట నాకు మంట లేసి, "నువ్వు వచ్చేదాంక ఆగనీకి అది పెండ్లి కాదు, కుళ్ళు. దానికి నీ లీవుతోని పని లేదు" అని ఫోన్ పెట్టేసిన. ఆయన మాత్రం అంత దూరంల ఏం చేస్తడు, పాపం.

ఇరుగుపొరుగు సూడనీకి వచ్చుడు షురువైంది. "ముండ్ల చెట్లు పెట్టంగనే అనుకున్నం" అన్నది ఒకామె, నేను ఇంటుంటనే. నేను నోరు తెరిసేలోపల అత్తనే అందుకున్నది. "చెట్టేం జేసింది? నేను చెప్పులు ఏసుకోకపోతి. నీ ఇంట్ల గడప తాకి వేలు ఇరిగితె గడప పీకుతవా?" ఆమె చాయ తాగకుంటనే పోయింది. నేను వంటింట్లకు పోయి గోడకు మొఖం పెట్టుకోని ఏడ్సిన.

మబ్బు పట్టి నాలుగు దినాలు ఇడవకుంట వాన. గాలికి పరద చినిగింది. కోసిన ముక్క తడిస్తె అంతే సంగతులు. బకీటుతోని సహా కిందికి తెచ్చి, ఇంట్ల ఎక్కడ జాగ లేక, అత్త మంచం పక్కన కిటికి కాడ పెట్టిన. లోపలున్నోళ్ళను పొడుస్తది అని ఆమె ఈసారి అనలే. కాలు దిండు మీద పెట్టుకోని పండి, దాని దిక్కే సూసుకుంట ఉండేది. నేను వచ్చి పోయేటప్పుడల్ల ముక్కను ఎత్తబోతె, "పెట్టే, ఊకె లేపుతె దానికి బేజారు కాదా" అనేది. నేను ఇంట్ల లేనప్పుడు కట్టెతోని దాన్ని జరుపుకోని సూసేదని తరువాత తెలిసింది.

ఓ పొద్దున ఆమె పిలిసింది. "పిల్లా, ఇటు రా. గీ చెట్టుకు కింద తెల్లగ ఏందో వచ్చినయ్ సూడు, పురుగులా?" ఉరికి పోయి పట్టుకోని తిప్పి సూసిన. కోసినకాడ ఎండి, గట్టిగ లోపలికి గుంజుకోని, నడుమ గుండ్రం సుట్టు సన్నగ, తెల్లగ, బియ్యపు గింజల లెక్క. "వేర్లు అత్తా, వేర్లు" అన్న. నాకు మస్తు సంబురమైంది. అన్ని దినాల ఫికర్ల మొదటిసారి నవ్విన్నేమో. అత్త నవ్వలే. దాన్ని ఒళ్ళె పెట్టుమన్నది. చెద్దరు మడిసి వేసి పెట్టిన. కోసినకాడ వేలుతోని నిమిరి సూసింది, చానసేపు.

"మన్ను లేకపాయె, నీళ్ళు లేకపాయె, సగం చెట్టు లేకపాయె" అన్నది. ఏదన్న అంటె చెడుతదని పెదవి పంటి కింద పట్టుకోని ఊకున్న. నా జిందగీల గట్ల ఊకున్నది అదొక్కసారే. ఆమె కిటికి దిక్కు సూసి, మల్ల నా దిక్కు సూసి, "నాది ఎంత దాంక కోస్తరట? పోయి అడుగుదాం, పా" అన్నది.

డాక్టరు కట్టు ఇప్పంగనే మొఖం మాడ్సుకున్నడు. గిన్ని దినాలు ఏం చేసిన్రని నా మీదనే లేసిండు. ఇప్పుడు ఒక్క వేలు కాదు, పాదం ముందర సగం పోతదన్నడు. అత్త ఆయన చెయ్యి పట్టుకున్నది. "మంచి కండ దాంక కొయ్యి బిడ్డా. నల్లసుక్క ఉంచకు. మల్ల మల్ల కోసుడు నాతోని కాదు" అన్నది. డాక్టరు నా మొఖం సూసిండు, గీ ముసలామెకు ఎవలు చెప్పిన్రు అన్నట్టు. నేను తల వంచుకున్న.

మస్కట్‌కు ఫోన్ చేసి చెప్పిన, అడగలే. ఆయన గూడ వద్దనలే. లోపలికి తీస్కపోయినంక నేను ఆ వరండా ఎన్నిసార్లు తిరిగిన్నో, అక్కడ కూసున్నోళ్ళు కాళ్ళు ముడుసుకున్నరు నాకు తొవ్వ ఇయ్యనీకి. డాక్టరు బైటికి వచ్చి, అంత మంచిగైంది, చీలమండ దక్కిందన్నడు. దేవునికి దండం పెట్టిన. వెనుకనే ఆయా వచ్చింది. చేతుల తెల్లగుడ్డ మూట. "తీసింది మీరు తీస్కపోతరా, మమ్ముల్నే పంపియ్యమంటరా? కొందరు ఇంటోళ్ళు పాతిపెట్టుకుంటరు" అన్నది.

నేను అట్లనే నిలబడ్డ. సగం మనిషిని ఎట్ల గుర్తువడతడు అన్న మాట చెవులల్ల మోగింది. "తీస్కపోత" అన్న. అంత చిన్న మూట, అంత బరువు ఉంటదనుకోలే. సూడనీకి వచ్చిన మా చెల్లెను అత్త కాడ కూసోబెట్టి, ఆటో మాట్లాడుకోని ఊరికి పోయిన. ఊరు ధర్మపురి అవుతల. మా చెల్కల ఓ మూలకు మామ సమాధి ఉన్నది. ఆటో ఆయనకు సంగతి చెప్పలే, గడ్డపార మాత్రం అడిగి పక్క చేనుల తెచ్చుకున్న. ఆడిది గిసుంటి పని చెయ్యొచ్చా చెయ్యొద్దా నాకు తెల్వది. కొడుకు రాకపాయె, ఎవల్ని అడగాలె. సమాధి పక్కన లోతుగ తవ్వి, మూట పెట్టి, పిడికెడు ఉప్పు ఏసి, మన్ను కప్పిన. "మామా, ఇది అత్తది" అని చెప్పిన. ఇంకేం చెప్పాలెనో తోచలే. బురద చేతులతోనే ఆటో ఎక్కిన.

రెండో నాడు అత్తకు మంచిగ తెలివొచ్చింది. చారు అన్నం రెండు ముద్దలు తిన్నది. తిని, చెద్దరు కింద కాలు దిక్కు సూసి, "తీసింది ఏం జేసిన్రే? పారేసిన్రా?" అని మెల్లగ అడిగింది. నేను ఆ ప్రశ్నకే భయపడుతున్న. "లేదత్తా. ఊరికి తీస్కపోయిన. మామ పక్కన పెట్టి వచ్చిన" అన్న.

ఆమె గోడ దిక్కు సూసింది. కండ్ల పక్కకెల్లి నీళ్ళు దిండు మీదికి కారినయ్. నేను తప్పు చేసిన్నా, చెప్పకుంట ఉండాల్సి ఉండెనా అనుకున్న. ఆమె కొంగుతోని మొఖం తుడుసుకున్నది.

"నాకన్న ముందుగాల నా కాలే పోయిందా ముసలోని కాడికి" అన్నది. నవ్వుతుందా ఏడుస్తుందా నాకు తెల్వలే. మల్ల నా చెయ్యి దగ్గరికి గుంజుకోని అన్నది: "మరి మిగిలింది వచ్చుడు జర లేటైతదని చెప్పకపోయినవా."